ఇష్టమైన రంగు ఆఖరున

టికెట్ కౌంటర్ దగ్గరే పిన్నికి మొదటి అవమానం జరిగింది. అరవై దాటినవాళ్ళకి సగం ధర అని బోర్డు ఉంది. కౌంటర్‌లో అమ్మాయి పిన్ని మొహం చూసి, ఏమీ అడక్కుండానే సగం టికెట్ చింపి ఇచ్చింది. అరవైకి పిన్నికింకా పదకొండేళ్ళుంది. ఇంకో రోజైతే ఆ సంగతేదో తేల్చుకునే అక్కడి నుంచి కదిలేది. ఇవాళ పక్కన నిలబడ్డ మనిషిని చూసి ఊరుకుంది.

ఆ మనిషి ఉడత తల్లి. రెడీమేడ్ బట్టల షాపులో దర్జీ. మెడలో వేలాడే టేపు తీసి ఇంట్లో పెట్టాలన్న ధ్యాస కూడా ఆమెకి ఐదు రోజులుగా లేదు.

ఉడత అంటే ఆమె కూతురు. ఇరవై మూడేళ్ళ పిల్ల, గోడల మీద బొమ్మలు వేస్తుంది. ఎంత ఎత్తు పరంజా అయినా చకచకా ఎక్కేస్తుందని, వేసిన ప్రతి బొమ్మలోనూ ఓ మూల నెమలికంఠం రంగు ఉడతని కూర్చోబెడుతుందని తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. ఐదు రోజుల క్రితం పొద్దున్నే రంగుల డబ్బాలు భుజాన వేసుకుని ఈ మ్యూజియానికి పనికొచ్చింది. తిరిగి ఇంటికి చేరలేదు.

పోలీసులు మూడో రోజుకే తేల్చేశారు. ఆ సాయంత్రం ఐదూ నలభైకి పసుపు రెయిన్‌కోటు వేసుకుని పిల్ల మ్యూజియం గుమ్మం దాటినట్టు కెమెరాలో ఉంది. మర్నాడు ఆమె ఫోను బస్టాండులో బెంచీ కింద దొరికింది. ఎవరితోనో వెళ్ళింది, మోజు తీరాక వస్తుంది అని రాసి ఫైలు మూసేశారు. అంత చురుగ్గా మూసిన ఇన్‌స్పెక్టరు పిన్నికి స్వయానా మరిది.

అప్పుడు ఉడత తల్లి పిన్ని దగ్గరికొచ్చింది. తప్పిపోయిన పిల్లుల్ని వెతకడంతో మొదలై, తప్పిపోయిన మొగుళ్ళ మీదుగా పిన్ని డిటెక్టివ్ వృత్తి ఇక్కడిదాకా వచ్చింది. పిల్లులు తొందరగా దొరుకుతాయి. దొరికినందుకు సంతోషిస్తాయి కూడా.

ఆ మ్యూజియం ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. చలి బయటికి పోకుండా గోడల మధ్య రంపప్పొట్టు కూరి రెండేసి వరసల్లో కట్టారు. ఐసు వ్యాపారం పడిపోయాక వీధి గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళని లోపలికి పిలిచి గోడలిచ్చారు. బయట వేస్తే కేసు, లోపల వేస్తే టికెట్. ముఖద్వారానికి అడ్డంగా పాత గొట్టం ఒకటి అలాగే వదిలేసి, పులిచారలు వేసి, ‘తల జాగ్రత్త’ అని రాశారు. పిన్నీ, ఉడత తల్లీ దాని కింద నుంచి మామూలుగా నడిచి వచ్చేశారు. కొన్ని హెచ్చరికలు పొట్టివాళ్ళకి వర్తించవు.

వాళ్ళని కలవడానికి క్యూరేటరు లోపలి గదిలోంచి వచ్చాడు. ఈ మ్యూజియంలో ఏ బొమ్మ ఎక్కడుండాలో, ఏది గొప్పదో చెప్పేది ఆయనే. సన్నగా, తాడిలా పొడుగ్గా ఉన్నాడు. ఆయన గది గుమ్మానికీ అలాంటి గొట్టమే ఉంది. దానివైపు చూడకుండానే తల వంచి దాటి, మళ్ళీ ఎత్తి, నమస్కారం పెట్టాడు. పోలీసులకి చెప్పిందంతా మళ్ళీ చెప్పడానికి తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. అభ్యంతరం లేదని మొదటే చెప్పేవాళ్ళ మీద పిన్నికి ఒక అభిప్రాయం ఉంది. దాన్ని ప్రస్తుతానికి సంచిలో పెట్టుకుంది.

నడుస్తూనే అడగడం మొదలుపెట్టింది. ఆ రోజు పిల్ల ఏ గోడ మీద పని చేసింది? మధ్య హాల్లో పెద్ద గోడ మీద. పూర్తయిందా? మధ్యాహ్నానికే. మరి ఐదూ నలభై దాకా ఏం చేసింది? క్యూరేటరు చిన్నగా నవ్వి, అది అడక్కూడని ప్రశ్న అన్నాడు. అడక్కూడనిది అంటే పిన్నికి కాదట, మ్యూజియంలో ఎవరూ అడగరట.

ఇక్కడ ఒక ఆచారం ఉందని వివరించాడు. పిలిచిన ప్రతి చిత్రకారుడూ తన గోడ పూర్తి చేశాక, ఈ భవనంలో ఎక్కడో ఒక చోట ఎవరికీ చెప్పకుండా ఇంకో చిన్న బొమ్మ వేసి వెళ్తాడు. మెట్ల అడుగున, తలుపు వెనక, పాత తొట్టిలో, ఎక్కడైనా కావచ్చు. దాన్ని గుప్తచిత్రం అంటారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వాటిని వెతుక్కుంటూ తిరుగుతారు, సగం టికెట్లు అందుకే తెగుతాయి. వేస్తున్నంతసేపూ ఆ చోటి తలుపుకో మేకుకో ఎర్రగుడ్డ కడతారు. ఎర్రగుడ్డ కనబడితే స్వీపరు దగ్గర్నుంచి యజమాని దాకా ఎవరైనా సరే మొహం తిప్పుకుని వెనక్కి వెళ్ళిపోవాలి.

“ఆ రోజు ఎర్రగుడ్డ ఎక్కడ కనిపించింది?”

“ఎక్కడా కనిపించలేదండీ. అందుకే గుప్తచిత్రం వెయ్యకుండానే వెళ్ళిపోయిందనుకుంటున్నాను. ఈ కాలం పిల్లలకి ఆచారాలంటే అంత పట్టింపు ఉండదు కదా.”

ఉడత తల్లి ఏదో అనబోయింది. పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

“అక్కా, అది గుప్తచిత్రం కోసమే నెల నుంచి ఎగిరింది,” అంది తల్లి గొంతు తగ్గించి. “వెయ్యకుండా వెళ్ళదు.”

“ఏం వేస్తానంది?”

“చెప్పలేదు. ముందురోజు రాత్రి అన్నం తింటూ నవ్వింది. అమ్మా, గబ్బిలం చూరుకి వేలాడదు, కుర్చీలో కూర్చుంటుంది అంది. నాకు అర్థం కాలేదు. మెతుకులు కింద పడుతున్నాయి, నవ్వు ఆపి తినమన్నాను.” ఆ ఆఖరి మాట దగ్గర ఆమె టేపు చివర పట్టుకుని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

గబ్బిలం అంటే ఎవరో తెలుసుకోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. మధ్య హాలు నిండా గబ్బిలమే. మొహం చూపించకుండా రాత్రికి రాత్రి వచ్చి బొమ్మ వేసి మాయమయ్యే చిత్రకారుడట. ఇరవై ఊళ్ళ గోడల మీద వేశాడట. అతను ఎవరో ఎవరికీ తెలియదు, క్యూరేటరుకి తప్ప ఎవరికీ కబురు పంపడు. ఈ మ్యూజియంకి పేరొచ్చిందే అతని వల్ల. అంత పేరున్న మనిషికి మొహం లేకపోవడం ఎంత సౌకర్యమో అనుకుంది పిన్ని.

“ఆయన కొత్త రచన చూశారా?” అన్నాడు క్యూరేటరు. “రోజురోజుకీ పెరుగుతోంది.”

చిట్టచివరి హాల్లో మూల గోడ ముందు పాతిక మంది గుంపుగా నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. గోడకి తాడు కట్టారు, పైనుంచి ఒక దీపం వేశారు. ఛాతీ ఎత్తున గోడలోంచి పాత ఇనపగొట్టం మూతి బయటికి పొడుచుకొచ్చి ఉంది, బొటనవేలు పట్టేంత. దాని మూతి నుంచి కిందికి రంగు కారిన చారలు ఐదు. పక్కన చిన్న పలక: ‘గబ్బిలం. శోకం. కొనసాగుతున్న రచన.’ స్పీకర్లలోంచి వయొలిన్ ఏడుస్తోంది, శోకం ఎవరికైనా తెలియకపోతే కష్టమని కాబోలు.

రోజుకో చార వస్తోందని క్యూరేటరు చెప్పాడు. రాత్రుళ్ళు గబ్బిలం ఎలా వస్తున్నాడో, ఎలా వెళ్తున్నాడో కాపలావాళ్ళకే అంతు చిక్కడం లేదట. మొదటి చార ఎప్పుడొచ్చింది? ఉడత వెళ్ళిపోయిన మర్నాటి పొద్దున్న. క్యూరేటరు ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. పిన్ని తాడు కింద నుంచి దూరింది. కాపలావాడు అరిచేలోపు గోడకి జానెడు దూరంలో నిలబడింది.

చారల్లో మొదటిది గోధుమరంగు. పల్చగా, పొడుగ్గా నేలదాకా కారి, కింద చిన్న మడుగు కట్టి ఎండింది. రెండోది బూడిదరంగు, నేలకి మూరెడు పైన ఆగిపోయింది. మూడోది ముదురాకుపచ్చ, ఇంకా పొట్టి. నాలుగోది పసుపు, జానెడు కూడా లేదు. ఐదోది కారనే లేదు. గొట్టం పెదవి దగ్గర, పేస్టు ట్యూబు నొక్కితే వచ్చినట్టు చిక్కటి ముద్ద. నెమలికంఠం రంగు.

గొట్టం మూతి లోపలికంటా ఏదో తెల్లటి నురగ గట్టిపడి ఉంది. గోడంతా వార్నిష్ వాసన.

“ఇదేమిటి?”

“రచన పూర్తయిందనిపించి భద్రపరిచాం. ఇంకా కారితే కూర్పు చెడిపోతుంది. ఈ పొద్దున నేనే స్వయంగా మూతి బిగించి వార్నిష్ పూశాను.”

“చారలు ఎందుకు పొట్టివవుతున్నాయి?”

క్యూరేటరు కళ్ళు అరమూసి, దుఃఖం మొదట ప్రవహిస్తుంది, తర్వాత గడ్డకడుతుంది అన్నాడు. వెనక ఎవరో ఆ మాట ఫోనులో రాసుకున్నారు.

పిన్ని రోజూ స్టవ్ ముందు నిలబడే మనిషి. ఒకే గిన్నెలోది ఒక రోజు పల్చగా, ఒక రోజు చిక్కగా ఎందుకుంటుందో తెలుసుకోవడానికి దుఃఖం దాకా వెళ్ళాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. ఈ రంగు కలిపినవాళ్ళు మొదటి రోజు బకెట్లో నీళ్ళు ధారాళంగా వాడారు. రెండో రోజు తగ్గించారు. మూడో రోజు ఇంకా తగ్గించారు. ఐదో రోజు రంగులో చుక్క నీళ్ళు కలపలేదు. కలపడానికి లేకపోయి ఉండాలి, లేదా ఉన్న చుక్క తాగడానికి దాచుకుని ఉండాలి.

వెనక్కి తిరిగేసరికి ఉడత తల్లి తాడుని కడుపుకి నొక్కిపెట్టి నిలబడి ఉంది. ఆమె చారల్నే చూస్తోంది.

“గోధుమరంగు అంటే దానికి అసహ్యం,” అంది నెమ్మదిగా. “బూడిదరంగు కూడా. కంచంలో ఇష్టం లేని కూర ముందు తినేస్తుంది అక్కా, చిన్నప్పటి నుంచీ. ఇష్టమైంది ఆఖరికి దాచుకుంటుంది. నెమలికంఠం డబ్బా అది ఎవర్నీ ముట్టుకోనివ్వదు.” గొట్టం మూతి దగ్గరి ముద్ద వైపు వేలు చూపించింది. “అది తీసిందంటే ఇంకేమీ మిగల్లేదు.”

ఐదు రోజులు. రోజుకి వందల మంది. అందరూ ఈ గోడ ముందు నిలబడి, గోడ వెనక నుంచి ఒక పిల్ల సాయం అడుగుతుంటే ఫోటో తీసుకుని వెళ్ళారు. పిన్ని మళ్ళీ గోడ వైపు తిరిగింది. గోడ మీద అరచేత్తో గట్టిగా చరిచింది. రంపప్పొట్టు ఆ చప్పుడుని ఎక్కడికక్కడ మింగేసింది. చెవి ఆనించింది. లోపలేమైనా ఉందో లేదో, వినిపించేది వయొలినే.

ఆ పాట ఆపమంది. స్విచ్చుల గదికి తాళం ఉందనీ, తాళంచెవి ఎలక్ట్రీషియన్ దగ్గరుందనీ, ఎలక్ట్రీషియన్ భోజనానికి వెళ్ళాడనీ కాపలావాడు చెప్పాడు. ఈ గోడ వెనక ఏముందని అడిగింది. ఏమీ లేదు, పెరడు, అన్నాడు క్యూరేటరు. గోడ పగలగొట్టమంది. క్యూరేటరు అప్పటిదాకా వాడిన మెత్తటి గొంతు పక్కన పెట్టి పోలీసులకి ఫోను చేశాడు.

స్టేషను ఎదురు సందులోనే ఉంది. పిల్ల తప్పిపోయినప్పుడు రాని తొందర గోడకి ఆపద అనగానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్ళతో, ముఖద్వారం గొట్టానికి టోపీ తగలకుండా వంగి, లోపలికొచ్చాడు.

“మేడం, మీరు తాడు దాటి ఇవతలికి రండి,” అన్నాడు, కానిస్టేబుళ్ళ ముందు వదిన అనడం బాగుండదని.

“చిన్నబ్బాయ్, ఈ గోడ వెనక ఆ పిల్ల ఉంది.”

కానిస్టేబుళ్ళలో ఒకడు దగ్గు నటించాడు. ఇంట్లో ఆఖరివాడు కాబట్టి మరిదిని పెళ్ళయిన కొత్తలో పిన్ని అలా పిలిచేది. అతను పోలీసయ్యాక ఇంకాస్త ఇష్టంగా పిలుస్తోంది.

సాక్ష్యం ఏమిటని అడిగాడు. చారలు చూపించింది. నీళ్ళ సంగతి చెప్పింది. తల్లి అన్న మాటలూ చెప్పింది. అతను ఓపిగ్గానే విన్నాడు, అత్తగారింట్లో పెళ్ళి వీడియో చూసేవాడి మొహంతో.

“రంగు చిక్కగా ఉందని గోడ పగలగొడితే నా ఉద్యోగం పల్చబడుతుంది వదినా. ఇది గబ్బిలం గోడ. దీని మీద గీత పడితే రేపు పేపర్లో నా ఫోటోయే వేస్తారు.”

“లోపల పిల్ల పోతే ఎవరి ఫోటో వేస్తారు?”

“పిల్ల బయటికి వెళ్ళింది. నా దగ్గర వీడియో ఉంది. మీ దగ్గరేముంది, కూర వండిన అనుభవం.”

“అదుంది కాబట్టే మీ అన్నదమ్ములిద్దరూ ఇంత పొడుగయ్యారు.”

అన్నయ్యతో చెప్తానన్నాడు. చెప్పమంది, ఆయన ఏదున్నా నాతోనే చెప్పమంటాడు అంది. కానిస్టేబుల్ దగ్గు ఎక్కువైంది. కానీ ఈ మాటల్లో గెలిచినందువల్ల గోడలో ఇటుక కదలదని పిన్నికి తెలుసు. మాట మార్చింది. పోనీ పైవాళ్ళని అడుగు, అడిగితే పోయేదేముంది, అని మెల్లగా అంది. అతను ఆశ్చర్యపోయి ఫోను తీశాడు. వదిన బతిమాలడం అతను మునుపెన్నడూ చూడలేదు.

పై అధికారి మీటింగులో ఉన్నాడు. అయ్యాక మాట్లాడతాడన్నారు. మ్యూజియం యజమాని విమానంలో ఉన్నాడు. దిగాక మాట్లాడతాడన్నారు. ఎలక్ట్రీషియన్ అన్నం ముందు ఉన్నాడు. తిన్నాక వస్తాడన్నారు. పిన్ని జడలోంచి పిన్ను తీసి గొట్టంలో నురగని పొడిచింది. అది రాయిలా బిగిసి ఉంది. పిన్ను విరిగింది, సగం లోపలే ఉండిపోయింది. తల్లి తన సంచిలోంచి కత్తెర తీసి ఇచ్చేసరికి కాపలావాడు ఇద్దరి మధ్యా వచ్చి నిలబడ్డాడు. అతను చెడ్డవాడు కాడు. బొమ్మలు ముట్టుకోనివ్వకపోవడమే అతని పని, అది బాగా చేస్తున్నాడు.

ఉడత తల్లి ఇంక ఎవరినీ ఏమీ అడగలేదు. తాడు కిందనుంచి లోపలికొచ్చి, నేల మీద కూర్చుని, గోధుమరంగు మడుగు పక్కన గోడకి అరచెయ్యి ఆనించింది. గుంపులో ఒకాయన అది కూడా ప్రదర్శనలో భాగమేమో అనుకుని ఫోటో తీశాడు.

పిన్నికి చెయ్యడానికి ఏమీ లేకపోయింది. అరవొచ్చు. అరిస్తే బయటికి పంపిస్తారు, అప్పుడు ఇక్కడ ఎవరూ ఉండరు. ఏమీ తోచనప్పుడు చూసిందే మళ్ళీ చూడ్డం ఆవిడకున్న ఒకే ఒక్క పద్ధతి.

“ఆ వీడియో ఒకసారి చూపించు చిన్నబ్బాయ్. పిల్ల వెళ్ళిపోయిందని నేనూ నమ్ముతాను, ఇంటికి పోతాను.”

ఇంటికి పోతాననడంతో అతను వెంటనే చూపించాడు. ఐదూ నలభై. ముఖద్వారం. కెమెరా వీపు వైపు నుంచి చూస్తోంది. పసుపు రెయిన్‌కోటు, తల మీదికి లాగిన టోపీ, చేతిలో సంచి. ఆ ఆకారం గబగబా గుమ్మం దాకా నడిచి, బయటికి దాటి వెళ్ళింది. అంతే.

పిన్ని మళ్ళీ చూపించమంది. మూడోసారి కూడా చూసి ఫోను అతని చేతిలో పెట్టి, ఉడత తల్లిని లేపింది. ఆమె లేవనంది. ఒక్క నిమిషం, పిల్ల కోసమే, అంటే లేచింది.

“మీ అమ్మాయి నీకంటే పొడుగా?”

“నా భుజం దాటదు అక్కా. అటక మీద డబ్బాలన్నీ నేనే తీసివ్వాలి.”

ఆమెని ముఖద్వారం దాకా నడిపించి, పులిచారల గొట్టం కింద నిలబెట్టింది. నడినెత్తికీ గొట్టానికీ మధ్య జానెడు పైగా ఖాళీ. మెడలోని టేపు తీసి కొలిచి చూపించింది. తర్వాత మరిదిని పిలిచి, బయటికి వెళ్ళి రమ్మంది. అతను విసుక్కుంటూనే వెళ్ళాడు, వచ్చాడు. వెళ్ళేటప్పుడూ వంగాడు, వచ్చేటప్పుడూ వంగాడు.

“ఇప్పుడు నీ వీడియో చూసుకో. గుమ్మం దగ్గర రెయిన్‌కోటు తల ఏం చేసిందో.”

అతను చూశాడు. చిన్న తెర మీద పసుపు టోపీ, గుమ్మం దగ్గరికి రాగానే, చూడకుండానే, అలవాటుగా, కిందికి వంగి మళ్ళీ పైకి లేచింది. ఇన్‌స్పెక్టరు దాన్ని ఇంకోసారి చూశాడు. అతని మొహంలో ఇన్‌స్పెక్టరు పోయి చిన్నబ్బాయి మిగిలాడు.

“ఉడతకి వంగాల్సిన పని లేదు,” అంది పిన్ని. “ఈ గొట్టాల కింద రోజూ వంగి వంగి మెడకి అలవాటైపోయిన మనిషెవరో ఆ కోటు వేసుకున్నారు. ఫోను కూడా బస్టాండులో ఆయనే వదిలి ఉంటారు. క్యూరేటరుగారెక్కడ?”

ఆయన లేడు. ఫోటో తీస్తున్న పాతిక మందిలో ఎవరూ ఆయన వెళ్ళడం చూడలేదు. గదిలో లేడు. ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళని చెరోవైపు పరిగెత్తించాడు. అదే సమయానికి పెరటి తలుపు తోసుకుని ఒక మేస్త్రి హాల్లోకి వచ్చాడు. మోచేతుల దాకా తడి సిమెంటు. సార్ ఎక్కడున్నారండీ, పని అయిపోయిందని చెప్పాలి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళెక్కడ, అని అడిగాడు. ఎవరిని అడగాలో తెలియక అందరినీ అడిగాడు.

అతని తలకి ఎర్రగుడ్డ చుట్టి ఉంది. దాని అంచున నెమలికంఠం రంగు చుక్కలు.

ఉడత తల్లి ఆ గుడ్డ వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గుడ్డ అంచు కుట్టింది ఆమే. తన చేతి కుట్టు దర్జీకి చీకట్లో కూడా తెలుస్తుంది.

“ఈ గుడ్డ ఎక్కడిది నాయనా?” అంది పిన్ని.

మేస్త్రి బెదిరిపోలేదు, బెదరాల్సింది ఉందని అతనికి తెలియదు. ఐదు రోజుల కిందట వెనక పంపు గది తలుపుకి అడ్డంగా గోడ కట్టిన రోజు సార్ ఇచ్చారన్నాడు. తలుపు గొళ్ళానికి కట్టి ఉంటే ఆయనే విప్పి, చేతులు తుడుచుకోమని ఇచ్చారట. మంచి గుడ్డ కదా అని తలకి చుట్టుకున్నాడట. కొత్త చిత్రకారుడికి నునుపు గోడ కావాలని సార్ చెప్పారు. తలుపు జానెడు మందం, ఐసు గదుల తలుపు. గొళ్ళెం పెట్టే ఉంది. లోపల ఎవరైనా ఉన్నారేమో చూద్దామా అని అడిగాడట.

“ఆయనేమన్నారు?”

“నేను చూశానులే, ఎవరూ లేరు, కానివ్వు అన్నారండీ. పెద్ద మనిషి చూశానన్నాక మళ్ళీ మనం చూడ్డం మర్యాద కాదు కదండీ.”

పిన్నికి గబ్బిలం ఏ కుర్చీలో కూర్చుంటుందో అప్పుడు అర్థమైంది. ఇరవై ఊళ్ళ గోడల మీద వేసిన మొహం లేని చిత్రకారుడు లేనే లేడు. ఆ బొమ్మలు వేసిందీ, వాటిని గొప్పవని చెప్పిందీ ఒకే మనిషి. ఆ సంగతి పసిగట్టిన పిల్ల దాన్నే గుప్తచిత్రంగా వెయ్యడానికి పంపు గదిలో దూరింది. కోటూ, ఫోనున్న సంచీ గుమ్మం బయట వదిలి వేసుకుంటూ ఉండగా ఆ మనిషి తొంగి చూసి బయట గొళ్ళెం పెట్టాడు. మర్నాడు గొట్టంలోంచి రంగు కారడం చూసి ఆ మనిషి కంగారు పడలేదు. పలక పెట్టాడు, దీపం వేశాడు, తాడు కట్టాడు, వయొలిన్ పెట్టించాడు. ఈ ఊళ్ళో ఎవరూ ముట్టుకోని చోటు ఏదైనా ఉంటే, అది తాడు కట్టిన చోటే.

“సుత్తి ఉందా నీ దగ్గర?” అన్నాడు ఇన్‌స్పెక్టరు మేస్త్రితో. ఏ అధికారి అనుమతికీ ఆగలేదు. “ఆ గోడ ఎంతసేపట్లో పగులుతుంది?”

“ఐదు రోజులైంది కదండీ, బాగా పట్టేసింది. ఓ గంట పడుతుంది.” మేస్త్రి అందరి మొహాలూ ఒకసారి చూసి, తను తప్పేమీ చెయ్యలేదని చెప్పుకోవాలనిపించినట్టు, ఇంకో మాట కలిపాడు. “ఇవాళ్టి పనైతే తేలిగ్గా ఊడొచ్చేస్తుందండీ, తడి ఇంకా ఆరలేదు.”

“ఇవాళ ఏం పని చేశావు?”

“పైన చూరు కింద గాలి కన్నం ఒకటుందండీ ఆ గదికి. పిట్టలు దూరుతున్నాయి, అది కూడా మూసెయ్యమని పొద్దున సార్ ఫోను చేశారు. ఇప్పుడే మూసి దిగాను.”

పొద్దున గొట్టం, ఇప్పుడు చూరు. ఆ గదికి ఇంక ఊపిరి వెళ్ళే దారి లేదు.

ఇన్‌స్పెక్టరు మేస్త్రి చెయ్యి పట్టుకుని పెరట్లోకి పరిగెత్తాడు. నిచ్చెన నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. కాపలావాడు తాడు తనే విప్పేసి, ఉడత తల్లి చేతిలోని కత్తెర తీసుకుని, గొట్టంలో నురగని రెండు చేతులతో పొడవడం మొదలుపెట్టాడు. వార్నిష్ పెచ్చులుగా లేచింది. పలక కింద పడి పగిలింది. ఫోటోలు తీస్తున్నవాళ్ళు ఫోన్లు దించారు, కానీ ఏం చెయ్యాలో వాళ్ళకీ తెలియలేదు.

అప్పుడు వయొలిన్ ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ భోజనం చేసి వచ్చాడు.

ఐదు రోజుల తర్వాత ఆ హాల్లో మొదటిసారి నిశ్శబ్దం. పిన్ని చెయ్యెత్తి కాపలావాణ్ణి ఆపింది. ఉడత తల్లి గోడకి నోరు ఆనించి కూతుర్ని ఇంట్లో పిలిచే పేరుతో పిలిచింది. ఆ పేరు ఇంత మంది ముందు ఆమె ఎప్పుడూ పలికి ఉండదు.

గోడలోంచి ఒక చప్పుడు వచ్చింది. రేకు డబ్బాని ఇనప్పైపుకి తగిలించినంత చిన్నది. ఒకటే.

“ఇంకోటి కొట్టవే అమ్మా,” అంది తల్లి. “విన్నాను. ఇక్కడే ఉన్నాను. ఇంకొక్కటి కొట్టు.”

పెరట్లో సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. పిన్ని రెండో చెవిని అరచేత్తో మూసుకుని, చెంపకి నెమలికంఠం రంగు అంటుకుంటున్నా గమనించకుండా, గోడకి అతుక్కుపోయి నిలబడింది. సుత్తి దెబ్బకీ సుత్తి దెబ్బకీ మధ్య ఆవిడ ఆ రెండో చప్పుడు కోసం వింటూనే ఉంది.

అది ఇంకా రాలేదు.